సహరుగ్మత అనే మాట గురించి

చాలాకాలంగా రాయాలనుకుంటూ, రాయబోయి మానుకుంటూ వచ్చిన టపా ఇది. నాకు వైద్యశాస్త్రం తెలియదు. ముప్పయ్యేళ్ళకు పైగా పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి విశ్రాంతి తీసుకున్న తెలుగు పండితుణ్ణి. వైద్యుల మాటకు ఎదురు చెప్పే సాహసం నాకు లేదు. ఒక మాట మనలోకి ఎలా వచ్చింది, వచ్చి ఏం చేసింది అన్నంతవరకే నా అధికారం. ఆ మాట పేరు ‘సహరుగ్మత’.

2020కి ముందు ఈ మాటను నేను ఎక్కడా చదివిన గుర్తు లేదు. ఆంగ్లంలో ‘కోమార్బిడిటీ’ అనే పదాన్ని మన పత్రికలు తలా ఒక రకంగా తెనిగించాయి. ‘ఇతర అనారోగ్య సమస్యలు’ అన్నారు కొందరు, ‘దీర్ఘకాలిక వ్యాధులు’ అన్నారు మరికొందరు. సహరుగ్మత అన్నవారే మూలానికి దగ్గరగా వచ్చారని నా అభిప్రాయం. ఎందుకు దగ్గరో తరువాత చెబుతాను.

ముందు ఆనాటి సంగతి. తెలంగాణలో తొలి కరోనా కేసు 2020 మార్చి 2న బయటపడింది. మార్చి 22న జనతా కర్ఫ్యూ, దాని వెంటనే లాక్‌డౌన్. దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తా నిర్మానుష్యంగా ఉండగా చూస్తానని నేనెన్నడూ అనుకోలేదు. కోచింగు సెంటర్ల పిల్లలు హాస్టళ్ళు ఖాళీ చేసి ఊళ్ళకు పోయారు. మెట్రో ఆగిపోయింది. కొత్తపేటలో తెల్లవారుజామునే లారీల చప్పుడుతో లేచే గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టును రద్దీ కారణంగా కోహెడకు తరలించారు. మలక్‌పేట గంజిలో వ్యాపారులకు సోకింది. అక్కడినుంచి ఎల్.బి.నగర్ దాటి వనస్థలిపురం దాకా పాకింది. మే మొదటి వారంలో వనస్థలిపురంలో ఎనిమిది ప్రాంతాలను నియంత్రణ మండలాలుగా ప్రకటించి, వీధుల చివర కట్టెలు కట్టేశారు.

ఆ కట్టెలకు అవతల నా మిత్రుడొకాయన ఉండేవారు. ఆయన హిందీ పండితులు, నేను తెలుగు పండితుణ్ణి. నల్లగొండ జిల్లాలో ఒకే బడిలో పదకొండేళ్ళు పనిచేశాం. ఆయన నన్ను ‘పండిట్‌జీ’ అనేవారు, నేను ఆయనను ‘సార్’ అనేవాణ్ణి. ఆయనకు 2017లో గుండె రక్తనాళంలో స్టెంటు వేశారు. అప్పటినుంచి ఉప్పు తగ్గించి, నడక పెంచి, మాత్రలు వేళకు వేసుకుంటూ నాకంటే ఆరోగ్యంగా ఉండేవారు.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. 2020 మార్చి నెలాఖరున వాట్సాపులో ఒక సందేశం వచ్చింది. రక్తపోటుకు వాడే కొన్ని మాత్రలు శరీరంలో కరోనా వైరసుకు తలుపులు తెరుస్తాయని దాని సారాంశం. నేను వేసుకునే మాత్ర ఆ జాతిదే. వారం రోజులు మానేశాను. అంతటితో ఆగక ఆ సందేశాన్ని ఆయనకూ పంపాను. ఆయన ఫోను చేసి, “పండిట్‌జీ, మాత్ర రాసింది డాక్టరు. మానమని డాక్టరే చెప్పాలి. వాట్సాపు ఎవరు చెప్పడానికి?” అన్నారు. ఎనిమిదో రోజున తలనొప్పితో రక్తపోటు చూపించుకుంటే 180 దాటింది. మళ్ళీ మాత్ర వేసుకున్నాను.

ఆ సందేశానికి మూలం పూర్తిగా అబద్ధం కాదు. ఈ వైరస్ మన కణాలలోకి ‘ఏసీఈ2’ అనే ప్రోటీన్ ద్వారా ప్రవేశిస్తుంది. ఆ ప్రోటీన్ ఊపిరితిత్తులలోనే కాదు, గుండెలోనూ ఉంటుంది. కొన్ని రక్తపోటు మందులు దానిని పెంచవచ్చునేమోనని ఆ మార్చిలోనే కొందరు పరిశోధకులు అనుమానం వ్యక్తం చేశారు. అనుమానం మన ఫోన్లకు చేరేసరికి తీర్పు అయిపోయింది. ఆధారం లేకుండా మందులు మానవద్దని ఐరోపా, అమెరికా హృద్రోగ వైద్య సంఘాలు అదే నెలలో ప్రకటించాయి. ఆ ప్రకటన మాత్రం మా ఫోన్ల దాకా రాలేదు. తరువాత బ్రెజిల్‌లో ఆసుపత్రిలో చేరిన 659 మంది కరోనా రోగుల మీద ప్రయోగం చేసి చూశారు. ఆ మందులు ఆపినవారికి, కొనసాగించినవారికి ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చారు. అంటే మానడం వల్ల లాభం లేదు. మానితే రక్తపోటు పెరిగే నష్టం మాత్రం ఉంది.

హైడ్రాక్సీక్లోరోక్విన్ కథా ఇటువంటిదే. వైద్య సిబ్బంది ముందుజాగ్రత్తగా వాడవచ్చునని 2020 మార్చిలో సలహా రాగానే మందుల దుకాణాలలో అది దొరకకుండా పోయింది. మా వీధిలోనే ఇద్దరు ముగ్గురు కొని దాచుకున్నారు. అజిత్రోమైసిన్‌తో కలిపి వాడితే అది గుండె లయను తప్పించగలదు. బలహీనమైన గుండె ఉన్నవారికి ఆ ప్రమాదం మరీ ఎక్కువ. కరోనాతో ఆసుపత్రిలో చేరినవారికి దానివల్ల ప్రయోజనం లేదని ఆ జూన్‌లోనే బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరిశోధన తేల్చింది.

నా మిత్రుడు ఇవేవీ చేయలేదు. అయినా జూలైలో ఆయనకు జ్వరం వచ్చింది. పరీక్షలో పాజిటివ్ అన్నారు. ఊపిరి బాగానే ఉంది, ఇంట్లోనే ఉండమన్నారు. ఆరో రోజు రాత్రి పదకొండు గంటలకు ఛాతీలో బరువు మొదలైంది. ఆయన భార్య నాకు ఫోను చేశారు. “అన్నయ్యా, ఆయన వద్దంటున్నారు. ఆసుపత్రికి పోతే తిరిగి రానంటున్నారు” అన్నారు. నేను ఫోనులోనే బ్రతిమాలాను. ఆయన ఒప్పుకునేసరికి గంటన్నర గడిచింది. మొదట వెళ్ళిన ఆసుపత్రి పేరు చెప్పను. గుండెనొప్పి అంటే కరోనా వార్డులో చూడమన్నారు, కరోనా అంటే గుండె వైద్యులు రారన్నారు. రెండోచోట పడక లేదన్నారు. తెల్లవారేలోగా ఆయన వెళ్ళిపోయారు. చూడడానికి నేను వెళ్ళలేదు. వెళ్ళనివ్వలేదని చాలాకాలం చెప్పుకున్నాను. నిజానికి నేనూ భయపడ్డాను.

ఆ కాగితంలో మరణ కారణం గుండె ఆగిపోవడం అని రాశారు. కరోనా మాట లేదు. తరువాత పరామర్శకు ఫోను చేసిన ప్రతివారూ ఆమెతో అన్నది ఒకటే: “ఆయనకు ముందే గుండెజబ్బు కదమ్మా.”

ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం రోజూ విడుదల చేసే ప్రకటనలో ఒక వరుస కనిపించింది. కోవిడ్ వల్ల మరణాలు 46.13 శాతం, సహరుగ్మతల వల్ల మరణాలు 53.87 శాతం. మరణాల సంఖ్య రోజూ పెరుగుతున్నా ఈ రెండు అంకెలు రోజుల తరబడి మారలేదు. నన్ను వేధించింది అది కాదు, ఆ వరుస నిర్మాణం. చనిపోయినవారిని రెండు గదులుగా విభజించి, ఒక గదికి కరోనా అని, రెండో గదికి మీ జబ్బే మిమ్మల్ని చంపింది అని పేరు పెట్టారు. నా మిత్రుడికి రెండో గదిలోనైనా చోటు దొరికిందో లేదో నాకు తెలియదు.

ఇప్పుడు ఆ మాట దగ్గరకు వస్తాను. ‘సహ’ అన్న ఉపపదానికి తోడుగా, కలిసి అని అర్థం. సహాధ్యాయి అంటే కలిసి చదివినవాడు. సహోద్యోగి అంటే కలిసి పనిచేసినవాడు. రెండోవాడు లేనిదే సహాధ్యాయి లేడు. సహరుగ్మత అన్నప్పుడే పక్కన మరొక వ్యాధి ఉన్నదని ఆ మాటే చెబుతోంది. అటువంటి మాటను పట్టుకుని ‘కరోనా వల్ల కాదు, సహరుగ్మత వల్ల’ అనడం భాషాపరంగానే పొసగదు. దేనికి సహ అని అడిగితే జవాబు కరోనాయే గదా!

గుణసంధి చెప్పేటప్పుడు ప్రతి ఏడూ ఒక పిల్లవాడు అడిగేవాడు. మహా, ఇంద్రుడు కలిస్తే మహేంద్రుడు అయినప్పుడు, ఆ ‘ఏ’ కారం మొదటి పదానిదా, రెండో పదానిదా అని. ఏ ఒక్కదానిదీ కాదు నాయనా, ఆ రెంటి స్థానంలో వచ్చిన ఏకాదేశం అని చెప్పేవాణ్ణి. సగం దీనికి, సగం దానికి పంచిపెట్టడానికి వీలులేదు. గుండెజబ్బు ఉన్నవాడికి కరోనా సోకినప్పుడు జరిగేదీ అటువంటిదేనని తరువాత వైద్యులు రాసినవి చదివి తెలుసుకున్నాను.

వారు చెప్పేది ఇది. జ్వరం వస్తే నాడి వేగం పెరుగుతుంది. ఒక సెల్సియస్ డిగ్రీకి నిమిషానికి పది సార్ల దాకా గుండె అదనంగా కొట్టుకోవాలి. అదే సమయంలో ఊపిరితిత్తులు దెబ్బతిని రక్తంలో ప్రాణవాయువు తగ్గుతుంది. పని పెరిగి, కూలి తగ్గిన కూలివాని పరిస్థితి గుండెది. ఆపైన వైరసును ఎదుర్కొనడానికి శరీరం రేపే వాపు రక్తనాళాల గోడలలో పేరుకున్న కొవ్వు గడ్డలను చిట్లగొట్టగలదు. రక్తం గడ్డకట్టే స్వభావం పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న నాళంలో చిన్న గడ్డ కొట్టుకుపోవచ్చు. ముందే సన్నబడిన నాళంలో అదే గడ్డ అడ్డం పడుతుంది. ఇందులో ఏ గడియ కరోనాది, ఏ గడియ పాత జబ్బుది అని విడదీయడం ఎవరి తరం?

స్వీడన్‌లో కరోనా సోకిన 86,742 మంది వివరాలు పరిశీలించి 2021లో ప్రచురించారు. సోకిన తొలి వారంలో గుండెపోటు వచ్చే అవకాశం, అదే మనుషులకు మామూలు రోజులలో ఉండే అవకాశంతో పోలిస్తే, తక్కువలో తక్కువ లెక్క వేసినా మూడు రెట్లకు దగ్గరగా ఉన్నది. 2022లో అమెరికాలో లక్షన్నరకు పైగా మాజీ సైనికుల మీద చేసిన పరిశీలనలో, కరోనా నుంచి కోలుకున్న ఏడాది తరువాత కూడా గుండె వైఫల్యం, గుండెపోటు, పక్షవాతం సోకనివారికంటే వీరిలో ఎక్కువగా కనిపించాయి. అంటే పాత గుండెజబ్బు కరోనాను తీవ్రం చేస్తుంది, కరోనా గుండెజబ్బును తీవ్రం చేస్తుంది. దారి రెండు వైపులా ఉన్నది.

ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పాలి. ఎవరికి ప్రమాదం ఎక్కువో ప్రజలకు తెలియాలి గదా, ఆ వివరం ఇవ్వడం తప్పా అని ఒక మిత్రుడు నన్ను అడిగాడు. తప్పు కాదు, ఎంతో అవసరం. చైనా 2020 ఫిబ్రవరిలోనే 44,672 కేసుల వివరాలు ప్రకటించింది. మొత్తం మీద మరణాలు నూటికి 2.3. ముందు ఏ జబ్బూ లేనివారిలో 0.9. గుండె, రక్తనాళాల వ్యాధులున్నవారిలో 10.5. అక్కడ పేర్కొన్న వ్యాధులన్నింటిలోకీ ఇదే ఎక్కువ, మధుమేహం కూడా దీని తరువాతదే. ఇది హెచ్చరిక. ‘మీకు ప్రమాదం ఎక్కువ, ముందుగా జాగ్రత్తపడండి’ అని చెప్పే లెక్క. చనిపోయిన తరువాత ‘వీరికి జబ్బుండెను గనుక పోయారు’ అని చెప్పే లెక్క వేరు. మొదటిది బ్రతికున్నవాడి కోసం, రెండోది లెక్క రాసేవాడి మనశ్శాంతి కోసం. పైగా ఆ చైనా పట్టికనే తిరగేసి చదివితే, గుండెజబ్బుండి కరోనా సోకినవారిలో నూటికి దాదాపు తొంభైమంది బ్రతికారు. ఆ సంగతి నా మిత్రుడికి ఎవరైనా చెప్పి ఉంటే, ఆ రాత్రి గంటన్నర ఆగేవారు కాదేమో. ‘పోతే తిరిగి రాను’ అన్న నమ్మకం ఆయనకు మనం ఇచ్చిందే.

ఆ నమ్మకం ఆయన ఒక్కరిది కాదు. మన దేశంలో 187 ఆసుపత్రులలో జరిపిన పరిశీలన ప్రకారం, 2020 లాక్‌డౌన్ కాలంలో గుండెపోటుతో చేరినవారి సంఖ్య అంతకుముందటి ఏడాది అవే నెలలతో పోలిస్తే మూడో వంతుకు మించి తగ్గింది. గుండెపోట్లే అంతగా తగ్గిపోయాయని నమ్మడం కష్టం. రాలేక ఆగినవారున్నారు, భయపడి ఆగినవారున్నారు. వారిలో చాలామందికి కరోనాయే సోకి ఉండదు. వారిని 46.13లో రాయాలా, 53.87లో రాయాలా? ఏ అంకెలోనూ లేరు వారు.

విచిత్రమేమిటంటే, కేంద్రంలోని వైద్య పరిశోధన మండలి 2020లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. కరోనా మరణాలు నమోదు చేసేటప్పుడు గుండెజబ్బు, మధుమేహం వంటి ముందున్న వ్యాధులను మరణానికి మూలకారణంగా రాయరాదని అందులో ఉన్నది. అవి ప్రమాదాన్ని పెంచేవే తప్ప మూలం కావని వారి ఉద్దేశం. నా సంధి పాఠం కంటే వారి మాట ఒక అడుగు ముందుకు పోయింది. 2021 సెప్టెంబరులో కేంద్రం, పరీక్షలో పాజిటివ్ వచ్చిన 30 రోజులలోపు మరణిస్తే, ఆసుపత్రి బయట మరణించినా దానిని కోవిడ్ మరణంగానే పరిగణించాలన్నది. అక్టోబరు 4న సుప్రీంకోర్టు, కుటుంబానికి 50 వేల రూపాయలు ఇవ్వాలని, మరణ పత్రంలో కోవిడ్ అని లేదన్న ఒక్క కారణంతో నిరాకరించరాదని ఆదేశించింది.

నేను ఆ వార్త పట్టుకుని ఆమె దగ్గరకు వెళ్ళాను. పరీక్ష కాగితం భద్రంగా ఉంది. “డబ్బు కోసం వద్దన్నయ్యా. కానీ ఆ కాగితంలో నిజం రాస్తారంటే వస్తాను” అన్నారు. మీసేవలో దరఖాస్తు నింపేటప్పుడు మరణ కారణం అన్నచోట ఆమె కలం కాసేపు ఆగింది. తరువాత తానే రాశారు. కొన్ని నెలలకు డబ్బు వచ్చింది. ఆమె దానిని మేమిద్దరం పనిచేసిన ఊరి బడికి పుస్తకాల కోసం పంపారు.

ఇదే సహరుగ్మత 2021 మార్చి 1న మరో వేషంలో వచ్చింది. అరవయ్యేళ్ళు దాటినవారికి, 45 నుంచి 59 ఏళ్ళ మధ్య ఉండి కొన్ని వ్యాధులున్నవారికి టీకా ముందుగా వేస్తామన్నారు. ఆ వ్యాధులు ఇరవై. గుండె వైఫల్యంతో ఏడాదిలోపు ఆసుపత్రిలో చేరినవారు, బైపాస్ లేదా స్టెంటు అయి రక్తపోటు గాని మధుమేహం గాని ఉన్నవారు వంటి గుండెజబ్బులు ఆ జాబితాలో చాలా ఉన్నాయి. ఏడు నెలల కిందట చనిపోయినవాడి మీద కప్పిన మాటే ఇప్పుడు బ్రతికున్నవాడిని వరుసలో ముందు నిలబెట్టింది. మాట తప్పేమీ లేదు. దానితో మనం ఏం చేశామన్నదే ప్రశ్న.

టీకా గురించి ఉదయపు నడకలో నేటికీ వినే మాట ఒకటుంది. ఎవరైనా హఠాత్తుగా గుండెపోటుతో పోతే చాలు, “టీకా వల్లే” అంటారు. భారత వైద్య పరిశోధన మండలి 47 ఆసుపత్రులలో, 18 నుంచి 45 ఏళ్ళ మధ్య హఠాత్తుగా మరణించినవారి వివరాలు సేకరించి పరిశీలించింది. టీకా ఆ ప్రమాదాన్ని పెంచలేదని, లోగడ కరోనాతో ఆసుపత్రిలో చేరి ఉండడం, కుటుంబంలో అటువంటి మరణాలుండడం, అతిగా మద్యం సేవించడం వంటివి పెంచాయని తేలింది. ఆ వయసు మనది కాదు గనుక దీనిని మనకు యథాతథంగా అన్వయించుకోలేము. కానీ వాట్సాపు మాట విని మాత్ర మానుకున్నవాడిగా చెబుతున్నాను, ఒక భయానికి ఆధారం అడగడం నేర్చుకోవడానికి నాకు చాలా ఖర్చయింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. వైరస్ మాత్రం పోలేదు, 2025 వేసవిలోనూ ఒకసారి తల ఎత్తింది. గుండెజబ్బున్న నా తోటివారికి మనవి చేసేది కొంచెమే. జ్వరం వచ్చినా మాత్రలు స్వంతంగా మానకండి. నొప్పుల మాత్రలు స్వంతంగా మింగకండి, వాటిలో కొన్ని బలహీనమైన గుండెకు చెరుపు చేస్తాయి. టీకాల సంగతి మీ వైద్యుణ్ణి అడగండి, ఏటేటా వేసే ఫ్లూ టీకాతో సహా. మందుల చీటీ, చివరి పరీక్ష కాగితాలు ఒక సంచిలో, ఇంట్లో అందరికీ తెలిసినచోట పెట్టండి. ఛాతీలో బరువు వస్తే తెల్లవారే దాకా ఆగకండి, 108కి ఫోను చేయండి. అది కరోనాయో గుండెపోటో తేల్చుకునే పని మీది కాదు.

ప్రభుత్వానికి చెప్పవలసిందీ ఒకటుంది. 2020లో గాంధీ ఆసుపత్రిని కరోనాకే కేటాయించారు. మా తూర్పు వైపు పేద హృద్రోగికి మిగిలిన పెద్ద ప్రభుత్వ దిక్కులు ఉస్మానియా, నిమ్స్. రెంటికీ మూసీ దాటాలి, కట్టెలు దాటాలి. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు ఉన్న స్థలంలోనే 2022 ఏప్రిల్ 26న పెద్ద ఆసుపత్రికి శంకుస్థాపన చేశారు. ఆ స్థలం మీదుగా వెళ్ళినప్పుడల్లా నాకు ఒకటే ఆలోచన. ఎన్ని అంతస్తులు లేచినా, మరో మహమ్మారి వచ్చిన రాత్రి, జ్వరమూ గుండెనొప్పీ రెండూ ఉన్న మనిషి గేటు దగ్గరకు వస్తే అతణ్ణి ఏ గదికి పంపాలో ముందే రాసిపెట్టుకోవాలి. మా సార్‌ను రెండు గదులూ తిప్పిపంపాయి.

వైద్యవిషయాలలో పొరపాట్లుంటే తెలిసిన మిత్రులు సరిదిద్దగలరు. మీ ఇళ్ళలో ఇటువంటి రాత్రి గడిచి ఉంటే, రాయగలిగితే రాయండి.

స్వస్తి.